వంటింటి కిటికీకి నీడ సాక్ష్యం

గడ్డపార గాల్లో ఉంది. లలితకుమారి కిటికీకి అడ్డంగా ఉంది. పొయ్యి మీద పాలు అంచు దాకా వచ్చి ఉన్నాయి.

ఈ మూడింటిలో ముందు ఏది దిగుతుందో తేలక మేస్త్రి బాలమల్లు చేతులు నొప్పిపుట్టాయి.

"అమ్మా, జర పక్కకు జరుగుండ్రి. సారు చెప్పిండు."

"పాలు కాగనీ, బాలమల్లూ."

ఆ ఉదయం అది మూడో గిన్నె. మొదటి రెండూ కాగి, చల్లారి, తోడు వేయించుకుని గట్టు మీద కూర్చున్నాయి. ఇంట్లో ఉండేది నలుగురు. ఇలా కాగుతూనే ఉంటే సాయంత్రానికి శామీర్‌పేట మొత్తానికి పెరుగన్నం పెట్టొచ్చు. కానీ కాగుతున్న పాలను వదిలి ఇల్లాలు జరగదు, ఇల్లాలు జరగందే కిటికీ పెరకడం జరగదు. అందుకని పాలే ఆవిడ పాలిట పాలనాధికారి అయ్యాయి.

హాల్లోంచి జానకిరామయ్యగారి గొంతు వచ్చింది. "ఇంకా దెబ్బ వినపడదేం?"

ఆయన ఫోను అరచేతిలో పెట్టుకుని, హారతి పళ్లెంలా తిప్పుతూ, హాలు మధ్య నిలబడి ఉన్నారు. ముప్పై నాలుగేళ్లు బస్సు డిపోల్లో కంట్రోలరుగా పనిచేసిన మనిషి. ఏ బస్సు ఏ దిక్కుకు పోవాలో చెప్పీ చెప్పీ, రిటైరయ్యాక చెప్పడానికి బస్సులు లేక కొన్నాళ్లు దిక్కుతోచలేదు. తర్వాత ఫోనులో దిక్సూచి ఉందని తెలిసింది. అప్పట్నుంచి వాస్తు వచ్చి ఇంట్లో ఒక్క వస్తువునూ కుదురుగా ఉండనివ్వలేదు. మంచం పడమటి గదికి బదిలీ అయింది. ఫ్రిజ్ మెట్ల కిందికి పోయింది. తులసికోట రెండుసార్లు చోటు మారి, మూడోసారికి అలిగి ఆకులు రాల్చింది.

ఇప్పుడు వంటిల్లు వంతు వచ్చింది.

ఫోను లెక్కన పొయ్యి నైరుతిలో పడిందట. నైరుతిలో నిప్పుంటే యజమానికి స్థిమితం ఉండదట. పైగా ఆ మూల కిటికీ పెట్టడం రెండో తప్పట. కాబట్టి కిటికీ పెరికి ఇటుకలు కట్టాలి, పొయ్యిని తీసుకుపోయి ఇప్పుడు దేవుడి గది ఉన్న మూలలో పెట్టాలి. ఆ గదికి కిటికీ లేదు, కిటికీ పెట్టే వీలూ లేదు.

లలితకుమారికి పొయ్యి ఎక్కడికి పోయినా పెద్ద బాధ లేదు. ఆవిడ గోడంతా ఆ గోడకున్న కిటికీ గురించే.

రేపల్లె, నూజివీడు, తణుకు అంటూ మొగుడి బదిలీల వెంట తిరిగి ముప్పై మూడేళ్లలో తొమ్మిది వంటిళ్లు చూసింది. ఒకదానికి కిటికీ లేదు. ఒకదానికి ఉంది గానీ తెరిస్తే పక్కింటివాళ్ల స్నానాలగది. ఇంకొకదాన్ని ఇంటివాళ్లే మేకులు కొట్టి మూసేశారు. ఈ కాలనీలో సొంతిల్లు కొన్నప్పుడు మొదటిసారి పొయ్యి ముందు నిలబడి ఆకాశం చూసింది. ఆకాశం కింద తోటకూర మడి చూసింది. ఆ మడిలో ఈదమ్మను చూసింది.

ఈదమ్మ బాలమల్లు భార్య. పక్క జాగా వాళ్లదే. రోజూ ఏడింటికి ప్రహరీ మీంచి ఒక కట్ట ఆకుకూర, నాలుగు కబుర్లు ఇటొస్తాయి. ఒక గ్లాసు కాఫీ, నాలుగు కబుర్లు అటు పోతాయి. ఆ కిటికీలో ఉన్న కిటుకంతా అదే.

పాలు పొంగాయి. లలితకుమారి పొయ్యి ఆపి, నాలుగో గిన్నె అందుకుంది.

బాలమల్లు గడ్డపార దించి గోడకు ఆనించాడు. హాల్లోకి వెళ్లి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, ఒక మాట చెప్పాలని నిలబడ్డాడు. పొద్దున సారు తొందరపెడితే మరిచిపోయాడట. గోడ మీద దెబ్బ పడేముందు పుల్ల నాటి దిక్కు చూడాలట. వాళ్ల నాయిన గండయ్య చెప్పిన పద్ధతి. ఆయన బతికున్నన్నాళ్లూ పుల్ల చూడకుండా ఒక్క ఇటుక పెట్టలేదు, ఒక్క ఇటుక తీయలేదు.

పొద్దున మరిచిపోయింది ఇప్పుడెలా గుర్తొచ్చిందని అడగాల్సింది. అడిగితే, మధ్యలో బీడీకని బయటికి వెళ్లినప్పుడు ప్రహరీ అవతల ఈదమ్మ అతనితో ఏమందో కూడా బయటపడేది. గా కిటికీ మూసినోనికి నేను బువ్వ బెట్ట, అంది. జానకిరామయ్యగారు అడగలేదు. ఆయనకు కోపమే చాలినంత ఉంది.

"ఆకాశంలో ఉపగ్రహాలు తిరుగుతుంటే పుల్లలు పాతుతావా? ఇందులో చూడు. సూది కదలట్లేదు."

"సూది ఆకాశాన్ని అడిగి చెప్తది సారూ. పుల్ల సూర్యున్నే అడుగుతది," అన్నాడు బాలమల్లు నెమ్మదిగా. "రెండు ఒక్కటే చెప్తే, సాయంత్రంలోపల కిటికి తీస్త. లేకుంటె నా చేతులు లేస్తలేవు."

లలితకుమారి వంటింట్లోంచే తన సాక్ష్యం పంపింది. కిటికీలోంచి చూస్తే పొద్దు తన ఎడమచేతి వైపునుంచే వస్తుందనీ, పొద్దు వచ్చే వైపును తూర్పంటారనీ, ఇందులో ఫోనును అడిగేది ఏముందనీ.

దానికి జానకిరామయ్యగారి దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి, ఇది దక్షిణాయనం, సూర్యుడు దక్షిణానికి ఒరుగుతాడు. రెండు, ఆ పక్కన అయిదంతస్తుల అపార్టుమెంటు ఉంది. "దాని మీంచి ఎనిమిదిన్నరకు దిగేది పొద్దు కాదు లలితా, లేటు బస్సు. అది ఎటునుంచి వచ్చానని చెప్పినా కంట్రోలరు నమ్మడు."

కోడలు సుప్రజ సోఫాలో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక బళ్లో సైన్సు చెబుతుంది. రెండో శనివారం కాబట్టి ఇంట్లో చిక్కుకుపోయింది. మొగుడు ఆదిత్య తెలివైనవాడు. తుర్కపల్లి ల్యాబుకు వెళ్లే కంపెనీ క్యాబు ఇంకా రాకముందే వీధి చివరకు వెళ్లి నిలబడ్డాడు. ఏ మూల వండినా తనకు ఉప్మా ఉంచమని మాత్రం చెప్పి పోయాడు.

"పుల్లే కదా మామయ్యగారూ, పాతనివ్వండి," అంది సుప్రజ తల ఎత్తకుండా. "రెండూ కలిస్తే మీ మాటే గట్టిపడుతుంది."

కోడలి మాట సన్నగా ఉన్నా పుల్లకంటే బాగా దిగింది. జానకిరామయ్యగారు సరేనన్నారు.

కిటికీ బయట, వంటింటికీ ప్రహరీకీ మధ్య ఎండ బాగా పడే జాగా ఉంది. బాలమల్లు అక్కడ నేల చెక్కి, నీళ్లు పోసి, నీళ్లు ఎటూ పారకుండా నిలిచేదాకా చదును చేశాడు. మోకాలెత్తు పుల్ల నాటి, తూకంగుండు వేలాడదీసి, వంకర లేదని నాలుగు వైపుల్నుంచీ చూశాడు. పుల్లకు దారం కట్టి, దారం చివర మేకుతో చుట్టూ గుండ్రంగా గీత గీశాడు.

పద్ధతి చాలా తేలిక. పొద్దున పుల్ల నీడ పొడుగ్గా గీత దాటి ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ కురుచవుతూ వచ్చి, కొస గీతను తాకుతుంది. అక్కడ ఒక మేకు. మధ్యాహ్నం దాటాక మళ్లీ సాగుతూ పోయి అవతలి పక్క తాకుతుంది. అక్కడ ఇంకో మేకు. రెండు మేకుల మధ్య దారం లాగితే అదే తూర్పు పడమర. ఆ దారమే ఆధారం. అయనంతో పనిలేదు, అపార్టుమెంటుతో పనిలేదు.

తొమ్మిదింబావుకు మొదటి మేకు పడింది. రెండోది మూడు గంటల ప్రాంతంలో పడుతుందన్నాడు బాలమల్లు. అప్పటిదాకా గడ్డపారకు సెలవు.

జానకిరామయ్యగారు అరగంటకోసారి బయటికి వచ్చి నీడను చూసి, వాచీ చూసి, నీడ లేటుగా నడుస్తోందన్నట్టు మూతి విరిచి లోపలికి పోయేవారు. లలితకుమారి మాత్రం కిటికీ దగ్గరే నిలబడి, రెండు పనులు కలిపి చేసుకుంటోంది. ఒకటి చిక్కుళ్లు తుంచడం. రెండోది తన కిటికీని కడుపునిండా చూసుకోవడం.

కిటికీ అవతల, ప్రహరీ దాటాక, ఈదమ్మ కొత్తిల్లు నడుమెత్తు లేచి ఉంది. తోటకూర మడిలో సగం జాగా పునాదికి పోయింది. ఇటుపక్క మూలలో వచ్చేది ఈదమ్మ వంటిల్లు. దాని కిటికీ చౌకట్టు అప్పుడే నిలబెట్టి కర్రలు ఊతం పెట్టారు. సరిగ్గా లలితకుమారి కిటికీకి ఎదురుగా.

కార్తీకంలో పునాదికి ముగ్గు పోసిన రోజు ఇద్దరు ఆడవాళ్లూ ఎంత మురిసిపోయారో చెప్పలేం. ఇంక ప్రహరీ మీంచి చేతులు చాచక్కర్లేదు, పొయ్యి ముందునుంచి కదలకుండానే కబుర్లు. ఆ ముగ్గు పోసిన చెయ్యి జానకిరామయ్యగారిదే. మేస్త్రి ఊరందరి ఇళ్లకూ దిక్కు చూస్తాడు గానీ తన ఇంటికి తాను చూసుకోకూడదు. వైద్యుడు తన నాడి తాను పట్టుకోనట్టే. ఎవరైనా పెద్దమనిషి చేత చూపించుకోవాలి. బాలమల్లుకు సారుకంటే పెద్దమనిషి కనపడలేదు.

ఈదమ్మ ఆ సగం గోడల మధ్య నిలబడి, చౌకట్టులోంచి తొంగిచూసింది.

"అక్కా, నీడ ఎటు వోతాంది?"

"దాని దారిన అది పోతోంది ఈదమ్మా. మీ ఆయన పుల్ల గట్టిదేనా?"

"మా మామ చేతిది. ఆయన మాట తప్పిండు గని, గా పుల్ల తప్పలే," అంది ఈదమ్మ. తర్వాత ఖాళీ చౌకట్టు మీద మోచేతులు ఆనించి, ఇంకా కట్టని వంటింట్లో ఇంకా రాజేయని పొయ్యి మీద, ఆ పూట తాను ఏం వండేదో చెప్పుకొచ్చింది. చేపల పులుసట. వాసన రాకుండా ఏ గాలికి వండాలో అడిగింది. లలితకుమారి నవ్వి, వాసన వస్తే రానీ, నేను ఇటునుంచి ఇంగువ పోపు పెడతాను, చెల్లుకు చెల్లు, అంది.

భోజనాల దగ్గర చిన్న ప్రమాదం జరిగింది. ఉదయమంతా తోడుకున్న పెరుగును ఖర్చుపెట్టాలి కదా. మజ్జిగ పులుసు, పెరుగు పచ్చడి, పెరుగు, పైన మజ్జిగ వచ్చాయి. జానకిరామయ్యగారు ఎడమచేత్తో ఫోను చూస్తూ కుడిచేత్తో తింటుండగా మజ్జిగ గ్లాసు ఒరిగి ఫోను మీద పడింది.

లలితకుమారి గబుక్కున లాక్కుని, ఫోనుకున్న కవరు అట్ట ఊడదీసి తుడవడానికి తీసుకుపోయింది. ఫోనును సుప్రజ కొంగుతో ఒత్తి వంటింటి గట్టు మీద పెట్టింది. దిక్సూచి తెరిచే ఉంది. ఆయన దాన్నెప్పుడూ మూయరు.

సూది మెల్లగా తిరిగింది. తిరిగి, ఇంకో చోట ఆగింది.

సుప్రజ చూసింది. అత్తగారి చేతిలోంచి తడి అట్ట తీసుకుని ఫోను పక్కకు తెచ్చింది. సూది పాత చోటికి పరిగెత్తింది. అట్ట దూరంగా పెట్టింది. సూది వెనక్కి వచ్చింది.

"అత్తయ్యగారూ, ఈ అట్ట మూతలో అయస్కాంతం ఉంది," అంది గొంతు తగ్గించి. "టక్కుమని మూసుకుంటుందే, అందుకు. సూదిని అదే లాగుతోంది. ఆరువారాలుగా మామయ్యగారు చూస్తున్నది ఉత్తరం కాదు, ఈ మూత."

లలితకుమారి ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. గోధుమరంగు తోలు అట్ట. పుస్తకంలా తెరుచుకుంటుంది. మొగుడి షష్టిపూర్తికి సుచిత్రలో నాలుగు షాపులు తిరిగి తానే కొన్నది.

కొంగు నోట్లో కుక్కుకుని, పెరుగు గిన్నెల మధ్య కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

"వెళ్లి చెప్పనా?" అంది సుప్రజ.

"వద్దమ్మాయ్. నువ్వు చెబితే కోడలు పాఠం చెప్పిందంటారు. నేను చెబితే కిటికీ కోసం కథ అల్లానంటారు. నీడను చెప్పనీ. నీడతో ఎవరు పోట్లాడతారు?"

అట్ట తుడిచి, ఆరబెట్టి, ఫోనుకు మళ్లీ తొడిగి, భక్తిగా పతిదేవుడి చేతికి అందించింది.

ఆ తర్వాత మూడు గంటల దాకా ఆవిడంత తృప్తిగా చిక్కుళ్లు తుంచిన మనిషి మేడ్చల్ జిల్లాలో ఉండి ఉండదు.

మూడింటికి నీడ కొస గీత మీదికి వచ్చింది. బాలమల్లు వంగి మేకు దించాడు. మొదటి మేకునుంచి రెండో మేకుకు దారం లాగి, ఒకసారి చిటికెన వేలితో మీటాడు. అందరూ చుట్టూ చేరారు. ఈదమ్మ ప్రహరీ అవతల ఇటుకల మీద ఎక్కి నిలబడింది.

"సారూ, గిది తూర్పు," అన్నాడు బాలమల్లు. దారం వెంట వేలు చూపించి, వంటింటి గోడ వెంట అదే వేలు పోనిచ్చాడు. రెండూ జంట పట్టాల్లా పక్కపక్కనే నడిచాయి. "ఇల్లు వంకర లేదు. మీ పొయ్యి ఆగ్నేయంలనే ఉంది. ఏడుండాల్నో గాడనే."

జానకిరామయ్యగారు దారం పక్కన కూర్చుని ఫోను నేల మీద పెట్టారు. ఫోను ఉత్తరం ఒక దారి, నేల ఉత్తరం ఒక దారి. కత్తెర నోరు తెరిచినట్టుంది.

"మరి నేను పొయ్యి పెట్టమన్న మూల?"

బాలమల్లు కొంచెం ఇబ్బందిపడ్డాడు. "గది ఈశాన్యం సారూ. దేవుని అర్ర ఉండే జాగ. గాడ పొయ్యి వెడితే నీళ్ల మూలల నిప్పు వెట్టినట్టయితుండె."

ఆరువారాలు ఇల్లంతా తిప్పిన మనిషి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు సుప్రజ, పరీక్షలో పక్కవాడికి జవాబు అందించే పిల్లలా, అట్ట ఒకసారి తీసి చూడమంది.

తీశారు. సూది ఊగి, తూగి, దారానికి అడ్డంగా చక్కగా నిలబడింది. అట్ట దగ్గరికి తెచ్చారు. పోయింది. దూరం చేశారు. వచ్చింది. కంట్రోలరుగారు ఈ సర్వీసును నాలుగుసార్లు తిప్పి చూశారు.

"ఎక్కడ కొన్నావే దీన్ని?"

"సుచిత్రలో. మీ షష్టిపూర్తికి."

ఆయన ఆ అట్టనూ, ఆవిడనూ మార్చి మార్చి చూశారు. "ముప్పై మూడేళ్లలో నన్ను నీ వైపు లాగడానికి నీకు దొరికిన మార్గం ఇదా?"

"లాగింది మిమ్మల్ని కాదు, సూదిని. మిమ్మల్ని ఎవరు లాగగలరు?"

ముందు నవ్వింది ఈదమ్మ. తర్వాత సుప్రజ. చివరికి జానకిరామయ్యగారి పొట్ట కదిలి, ఆ కదలిక మీసాల దాకా పాకింది. కిటికీ జోలికి ఈ జన్మలో రానన్నారు. మంచం రేపే పాత చోటికి వెళుతుందన్నారు. తులసమ్మకు క్షమాపణ చెప్పుకుంటానన్నారు. మిగిలిన పాలతో పరమాన్నం వండి బాలమల్లుకు పెట్టమన్నారు. లలితకుమారి కిటికీ రెక్క మీద అరచెయ్యి వేసి, చంటిపిల్ల వీపు నిమిరినట్టు నిమిరింది.

బాలమల్లు మాత్రం నవ్వలేదు. దారం వేళ్లకు చుట్టుకుంటూ, ప్రహరీ అవతల తన సగం గోడలను చూస్తున్నాడు.

"సారూ, మా ఇంటికి ముగ్గు వోసిన్నాడు, ఫోనుకు గీ అట్ట ఉండెనా?"

నవ్వులు ఎక్కడివక్కడ ఆగాయి.

ఉంది. ఆ రోజు ఆయన అట్ట తెరిచి పట్టుకుని, పుస్తకం చదివినట్టు దిక్కులు చదివారు. ఇదిగో నీ ఆగ్నేయం అని ఆయన కాలితో నేల మీద తట్టి చూపించిన మూలలోనే ఇప్పుడు ఈదమ్మ నిలబడి ఉంది.

జానకిరామయ్యగారు లేవబోయి, మళ్లీ కూర్చున్నారు. "బాలమల్లూ..." అన్నారు.

"మిమ్ముల అనేది లేదు సారూ. మీరు మంచికే జూసిండ్రు," అన్నాడు బాలమల్లు. "గని అట్లయితే మా పొయ్యి గూడ ఈశాన్యంల వడ్డట్టే. పుల్ల నాటితె తెలుస్తది. నా ఇంటికి నేను నాటొద్దు."

నేలలోంచి పుల్ల పెరికి, తువ్వాలుతో మట్టి తుడిచాడు. జానకిరామయ్యగారు తెలియకుండానే చెయ్యి చాచారు. బాలమల్లు ఆ చెయ్యి చూసి, ఒక క్షణం ఆగి, కిటికీ దగ్గరికి నడిచి పుల్లను లలితకుమారికి అందించాడు.

"రేపు పొద్దుగాల, అమ్మా. మీ చేతుల మీదికెల్లి."

లలితకుమారి పుల్ల అందుకుంది. తేలిగ్గా, నున్నగా ఉంది. తన కిటికీని నిలబెట్టింది ఈ పుల్లే. పట్టుకుని, పెరటి తలుపు తీసి, ప్రహరీ దాకా వచ్చింది.

ఈదమ్మ ఇటుకల మీంచి దిగి, తన వంటింటి చౌకట్టు పట్టుకుని ఉంది. మొగుడికి వినపడకుండా మాట్లాడింది.

"అక్కా, నాటకు."

లలితకుమారి ప్రహరీకి ఇంకో అడుగు దగ్గరికి జరిగింది.

"తెల్వకుండ తప్పు వడితె దోషం లేదంటరు. తెల్సినంక ఆయన ఊకోడు. గీ గోడలన్ని కూలగొట్టి, పొయ్యి ఆ కొసకు వట్టుకపోతడు. ఆడ నిలవడితె నాకు నువ్వు కనవడవు." చౌకట్టు అంచును బొటనవేలితో రుద్దింది. "నేను గీ కిటికికే మురిసిన అక్కా. వాస్తుకు గాదు."

వెనకనుంచి బాలమల్లు, రేపు ఎనిమిదికల్లా నేల చదును చేసి ఉంచుతానని చెబుతున్నాడు. ఆ గొంతులో తండ్రి పద్ధతి పట్ల ఉన్న నమ్మకం ఇసుమంతైనా తగ్గలేదు.

ప్రహరీ దగ్గర లలితకుమారి పుల్ల నిలువుగా పట్టుకుని నిలబడిపోయింది. వాలే ఎండలో దాని నీడ ఈదమ్మ వైపు పోలేదు. వెనక్కి సాగి, తన వంటింటి కిటికీ కింద, తన గోడ మీద పడింది.